తెల్లదిబ్బ దగ్గర పలకరింపు

ఆషాఢం వచ్చిందంటే తాడిపత్రి అవతలి సుంకులమ్మ కాలనీలో పట్టపగలే తలుపులు వేసుకుంటారు. అయినా గాలి ఆగుతుందా? ఆ మధ్యాహ్నం తిప్పమ్మ ఇంట్లో ఆమె కూతురు అంజలి గోడకు ఆనుకుని, ఊపిరి కోసం నోరు తెరుచుకుని కూర్చుంది. అన్నం ముద్ద మింగాలంటే దమ్ము చాలడం లేదు. సరిగ్గా అదే సమయానికి కిటికీకి ఎదురుగా, కాలనీకి పడమట, ట్రాక్టరు ట్యాంకరొకటి తెల్ల బురదను దిబ్బ మీద కుమ్మరిస్తోంది. తిప్పమ్మ కూతుర్ని చూసింది, దిబ్బను చూసింది. ఇన్నేళ్లూ ఆ రెంటినీ కలిపి చూడలేదు.

బండల ఫ్యాక్టరీలు పడమట మెరకలో ఉన్నాయి. కాలనీ తూర్పున పల్లంలో ఉంది. బండను కోసి నున్నగా పాలిష్ పట్టేటప్పుడు కారే బురదను తెచ్చి ఏళ్ల తరబడి ఆ నడిమధ్య పోస్తున్నారు. ఎండకు బురద పిండవుతుంది. గాలికి పిండి లేచి అన్నం గిన్నెల మీద, నీళ్ల బిందెల మీద, ఉయ్యాల్లో పసిబిడ్డల కనురెప్పల మీద పడుతుంది. ఫ్యాక్టరీల యజమాని రాఘవేంద్ర ఇల్లు ఇంకా పడమటికి, వేపచెట్ల మధ్య ఉంది. ఆ ఇంటికి అదే గాలి చల్లగా వస్తుంది.

ఇళ్ల పట్టాలిచ్చిన నాడు ఇవన్నీ ఎవరికి పట్టాయి? సొంత జాగా అన్న మాటకే జనం పొంగిపోయారు. పాలిష్ మిషను దగ్గరే ముసలివాడైపోయిన పుల్లన్న మాత్రం, పేదోడికి జాగా ఇచ్చేటప్పుడు సర్కారు గాలి ఎటు వీస్తుందో బాగా చూసుకునే ఇస్తుందప్పా అన్నాడు. పుల్లన్న మాటలు ఎప్పుడూ అంతే కదా అని అందరూ నవ్వారు.

నవ్వడమేమిటి, ఆ దిబ్బను చూసి మురిసిపోయారు కూడా. ఎండిన పిండిని తట్టలకెత్తి, జల్లెడ పట్టి, సంచులకు నింపి, ముగ్గుపిండిగా ఊళ్లో అమ్మడం కాలనీ ఆడవాళ్ల పని. కరువు సీమలో చేలు బీళ్లయినా దిబ్బ మాత్రం ఏటా పండేది. సావుకారు పుణ్యాన ఇంత గంజి దొరుకుతాందని చేతులెత్తి దండం పెట్టేవాళ్లు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు మట్టివాసన కమ్మగా ఉందని చిటికెడు నోట్లో వేసుకునేవాళ్లు. పక్క ఊరి వాళ్లు తట్టలతో వస్తే ఇది మా దిబ్బ అని తరిమికొట్టారు. పిండి ఎంత సన్నగా ఉంటే ఆ చేతికి అంత పేరు. అందరిలోకీ అంజలి జల్లించిన పిండి సన్నగా ఉండేది. ఆ పిల్ల చేతికి జల్లెడ ఇచ్చి, ఆడించడం నేర్పింది తిప్పమ్మే.

తిప్పమ్మ మొగుడు సుంకప్ప ఇదే దగ్గుతో పోయాడు. మిషను దగ్గర పని, టీబీ వచ్చింది అన్నాడు ఊళ్లో డాక్టరు. బిళ్లలు మింగీ మింగీ మనిషి కట్టెపుల్లయ్యాడు. పని అట్లాంటిది, రాత అట్లాంటిది అని అందరూ సర్దుకున్నారు. ఇప్పుడు అంజలికీ టీబీయే అన్నాడు ఆ డాక్టరు. అంజలి పుట్టి బుద్ధెరిగి ఏ ఫ్యాక్టరీ గేటూ దాటలేదు. మరి ఆమెకెక్కడ నుంచి వచ్చింది?

ఆ ప్రశ్నను మోసుకుని తిప్పమ్మ కూతురితో అనంతపురం పెద్దాసుపత్రికి పోయింది. ఇంద్రాణి అనే డాక్టరమ్మ ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి, దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. మీ ఇల్లెక్కడ, గాలి ఎటునుంచి వస్తుంది, పిల్ల ఇంట్లో ఏం పని చేస్తుంది అని అడిగింది. జల్లెడ మాట విన్నాక ఫోటోను బల్ల మీద పెట్టింది. తరువాత నెమ్మదిగా చెప్పింది. పిల్ల ఊపిరితిత్తుల్లో ఉన్నది బండపొడి, దాన్ని బయటికి తీసే మందు లేదు, ఆ చోటు విడిచిపెడితే ఉన్న ఊపిరైనా నిలబడుతుంది.

తిరుగు బస్సులో అంజలి తల్లి భుజం మీద నిద్రపోయింది. జల్లెడ నేనే ఇస్తిని గదా, నేనే ఇస్తిని గదా అనుకుంటూ తిప్పమ్మ తాడిపత్రి దాకా ఏడ్చింది. చోటు విడిచిపెట్టమంది డాక్టరమ్మ. పట్టా ఉన్న ఒకే ఒక్క జాగాను విడిచి పేదోళ్లు ఎక్కడికి పోతారు? ఒక్క ఇంటివాళ్లు కదిలినా తక్కిన ఇళ్లలో దగ్గేవాళ్ల మాటేమిటి? కదలవలసింది మనుషులు కాదు, దిబ్బ. బస్సు దిగేసరికి ఆమెకు ఆ మాట గట్టిపడింది.

నీళ్లట్యాంకు కింద కాలనీ అంతా కూడింది. పాలిష్ మిషను మీద పనిచేసే వీరేష్ ముందే లేచాడు.

"దిబ్బ వద్దంటే ఫ్యాక్టరీ వద్దన్నట్టే గదక్కా. రేపు మూసేస్తే యాడికి పోతాం? వానల్లేవు, సేద్యం లేదు. దగ్గుతోనైనా నాలుగేండ్లు బతుకుతాం, ఆకలైతే నాలుగు దినాలే."

ఆ మాటలో అబద్ధం లేదు. పుల్లన్న దగ్గు ఆపుకుని అన్నాడు.

"ఫ్యాక్టరీని ఎవురు మూయమన్నారప్పా? అవతల పాత గనుల గుంతలుండాయి, నోళ్లు తెరుచుకోని. బురద ఆడ పోసి మీద మట్టి కప్పమను. దూరమైతాది, డీజిలు కాల్తాది. ఆ డీజిలు మిగిల్చేదానికే గదా మన పిల్లోళ్లు సచ్చేది."

పెద్దలూ ఆడవాళ్లూ కలిసి రాఘవేంద్ర దగ్గరికి పోయారు. ఆయన కుర్చీలో నుంచి లేవకుండా అంతా విన్నాడు. తాగుడు, బీడీలు మానండి, దగ్గు అదే పోతుంది అన్నాడు. ఆ దిబ్బ విషమైతే ఇన్నేళ్లూ ఊళ్లో ఆడబిడ్డల వాకిళ్లలో ఆ విషం చల్లించింది మీరే కదా అని నవ్వాడు. ఆ ఒక్క మాటకు అందరి తలలూ వంగిపోయాయి. దొరలకు ఈ విద్య వెన్నతో పెట్టింది. మన ఆకలి చేత పని చేయించుకుంటారు, ఆ పనినే మన మీద నేరం చేస్తారు. సిగ్గుతో తిరిగొచ్చిన ఆడవాళ్లు ఆ రోజే పిండి జల్లించడం మానేశారు. మర్నాడు ట్రాక్టర్లు వచ్చే దారికి అడ్డంగా కూర్చున్నారు.

మొదటి ట్రాక్టరు తోలుకొచ్చినవాడు కాలనీ మనిషే, ఓబుళేసు. దారిలో సొంత చెల్లెలు కూర్చుని ఉంది. అతను ఇంజను ఆపి, తాళం సీటు మీద పెట్టి దిగిపోయాడు. దాంతో రాఘవేంద్ర, దారి ఇచ్చేదాకా ఎవరికీ పని లేదు పొమ్మన్నాడు. ఇక ఇళ్లలో పోరు మొదలైంది. బియ్యం డబ్బాలు అడుగంటే కొద్దీ మొగవాళ్ల గొంతులు లేచాయి. వీరేష్ వచ్చి పెండ్లాం ఓబమ్మను రెక్క పట్టుకుని లేపుకుపోయాడు. ఆమె వెనక ఇంకొకతె, ఆ వెనక మరొకతె లేచి వెళ్లిపోయారు. ఎవరినని తప్పు పడతాం? చివరికి తిప్పమ్మ చుట్టూ పిడికెడు మంది మిగిలారు.

అదను చూసి రాఘవేంద్ర గుమాస్తా బసప్ప కారులో వచ్చాడు. పిల్లను బెంగళూరు పెద్దాసుపత్రికి పంపిస్తాం, అనంతపురంలో ఉండేదానికి ఇల్లు చూపిస్తాం అన్నాడు. బదులుగా తిప్పమ్మ మిగిలినవాళ్లను లేపి ఇళ్లకు పంపాలి. తల్లి మనసు కదా, తటాలున కారువైపు లాగింది. మిగిలిన ఆడవాళ్లే, పో అక్కా, బిడ్డ దక్కితే చాలు, నిన్ను ఎవరూ ఏమీ అనుకోరు అన్నారు. తిప్పమ్మ లేచి నిలబడింది.

"నేను లేస్తా సామీ. ఈ పొద్దే నా బిడ్డను తీస్కపోతా. వీళ్లను లేయమని మాత్రం నా నోటితో చెప్పలేను. వీళ్లకూ బిడ్డలుండారు."

అట్లయితే కుదరదన్నాడు బసప్ప. కారు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. ఆ పూటంతా తిప్పమ్మ తన నోటిని తానే తిట్టుకుంది. ఇంటికి పోయి జరిగింది చెబితే అంజలి తల్లి చెయ్యి పట్టుకుంది గానీ, మాట్లాడేటంత ఊపిరి ఆ పిల్లకు అప్పటికే లేదు.

ఆ వారం గాలి హోరెత్తింది. మిట్టమధ్యాహ్నం, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుతుండగా, అంజలి పోయింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. స్నానం చేయించేటప్పుడు తల్లి ఎంత తుడిచినా ముఖం మీద తెల్లగా మళ్లీ పడుతూనే ఉంది.

ఆ సీమలో పెండ్లికి పోకపోయినా చెల్లుతుంది గానీ చావుకు పోకపోతే చెల్లదు. పెద్దకర్మ జరిగే పెద్దదినం అయ్యేదాకా చావింట్లో పొయ్యి వెలగదు, పలకరింపులు ఆగవు. చుట్టాలే అన్నం వండుకొస్తారు. తల్లి చాప మీద కూర్చుంటే వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆమెను కావలించుకుని ఏడ్చి, పక్కన కూర్చోవాలి. పగవాళ్లయినా రావాలి. పలకరింపుకు పోవద్దని ఏ మొగుడూ పెండ్లాన్ని ఆపడు. ఆపితే వాణ్ణి మనిషి అనరు.

పూడ్చి వచ్చాక తిప్పమ్మ చాప చుట్టి చంకన పెట్టుకుని బయటికి నడిచింది. శింగనమల నుంచి వచ్చిన పెద్దమ్మ రామసుబ్బమ్మ అడ్డం వచ్చి, దీపం పెట్టిన ఇల్లు విడిచి పోకూడదంది. దీపాన్ని నువ్వు చూసుకో అని తిప్పమ్మ ముందుకే పోయింది. దిబ్బ దగ్గర, ట్రాక్టర్ల దారి నడుమ చాప పరిచింది.

"నా బిడ్డ పానం ఈడ పోయింది. ఈడనే కూచుంటా. పలకరించేటోళ్లు ఈడికే రాండి."

మొదట వచ్చింది ఓబమ్మ. వీరేష్ గుమ్మంలో నిలబడి చూశాడు, ఆపలేదు. ఆమె వెనక, మొన్న లేచి వెళ్లినవాళ్లంతా వచ్చారు. అవతలి ఫ్యాక్టరీల దగ్గరి కాలనీల నుంచి, శింగనమల పల్లెల నుంచి బస్సులు దిగి వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు తిప్పమ్మను పట్టుకుని శోకాలు తీశారు. శోకం తీసే ఆడది ఒక్క చావుకే ఏడవదు, తన ఇంటి చావులనూ పేరుపేరునా పిలుస్తుంది. ఓబమ్మ తన అన్నను పిలిచింది. ఇంకొకతె ఉయ్యాల్లోనే పోయిన బిడ్డను పిలిచింది. మరొకతె అత్తను, ఆడబిడ్డను పిలిచింది. ఇంటింటి దుఃఖమూ విడివిడిగా మోసినవాళ్లకు ఆ రోజు అన్ని పేర్లూ ఒక్కచోట వినిపించాయి. దూరంగా తువ్వాళ్లు కప్పుకుని నిలబడ్డ మొగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి వీరేష్ వచ్చి ఆడవాళ్ల వెనక నేల మీద చతికిలబడ్డాడు. తక్కినవాళ్లూ కూర్చున్నారు.

రోజులు గడిచినా జనం తగ్గలేదు. రాఘవేంద్ర పై ఊరి డ్రైవర్లతో ట్రాక్టర్లు తెప్పించి, వెంట పోలీసులను తెచ్చాడు. ఇది ధర్నా, పర్మిషన్ లేదు, లేవండి అన్నాడు ఎస్సై.

"ధర్నా కాదు సార్," అంది తిప్పమ్మ. "చావు." ఆమె చూపు రాఘవేంద్ర మీదికి పోయింది. "పలకరించేకి వచ్చినావా సావుకారీ? రా, కూచో."

అప్పుడే గాలి తిరగబడి దిబ్బ మీద నుంచి తెల్లగా లేచింది. జనం కదల్లేదు. రాఘవేంద్ర జేబురుమాలు తీసి ముక్కుకు గట్టిగా అదుముకున్నాడు. ఆ దుమ్ము మీకేమీ చేయదన్న మనిషి ముక్కు మూసుకోవడం వందల కళ్లు చూశాయి. ఆయన తల తిప్పుకుని, ఆ ఆడదాన్ని వ్యాను ఎక్కించండి అన్నాడు.

తిప్పమ్మను చాప మీద నుంచి ఈడ్చి వ్యానులో పడేశారు. అడ్డం వచ్చిన పుల్లన్నను, ఓబుళేసును కూడా ఎక్కించారు. వ్యాను జాలీ వెనక నుంచి ఆమె చాపనే చూస్తోంది. అది ఖాళీగా ఉన్నది ఒక్క క్షణమే. ఓబమ్మ జరిగి తల్లి చోట్లో కూర్చుంది.

ఎస్సైకి ఓపిక పోయింది. "తల్లినే తీస్కపోతాంటిమి గదమ్మా, ఇంకెవురిని పలకరిస్తారు? లేయండి."

"పెద్దదినం కాలేదు సార్," అంది ఓబమ్మ.

"ఎప్పుడు దినం?"

ఓబమ్మ దిబ్బవైపు చెయ్యి చూపించింది. "అది పోయిన పొద్దు."

ఎస్సై ఏదో అనబోయాడు. ఇంతలో రోడ్డు మీద ఇంకో బస్సు ఆగింది. కొంగులు తలల మీదికి లాక్కుని, అన్నం గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు దిగుతూనే ఉన్నారు.