గీతలు పడని ఆట

అచ్చును రంగుపీట మీద రెండుసార్లు అద్ది, గుడ్డ అంచుకు ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేసింది అనసూయ. అచ్చు ఎత్తగానే నల్లటి తీగ, తీగకు మూడు ఆకులు. ఒక అడుగు పక్కకు జరిగి మళ్లీ అద్దింది. పెడనలోని ఈ రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్న పని ఇదే. చిటికెనవేలి కింద అరచేతి అంచు కాయకట్టి చెక్కలా తయారైంది. అక్కడ చీమ కుట్టినా ఆమెకు తెలియదు.

ఆ వేళ రెండుసార్లు ఆకు తీగ మీద సరిగ్గా కూర్చోలేదు. రెండోసారి మేస్త్రి శంకరరావు చూడనే చూశాడు.

"ఏంటమ్మా, చెయ్యి ఇక్కడా, మనసెక్కడో?"

"బందరు వెళ్లాలండీ. పదకొండింటికి వదిలెయ్యండి."

"మళ్లీ బందరా? మొన్న శుక్రవారమేగా వెళ్లొచ్చావు!"

ఆమె అచ్చును మళ్లీ రంగుపీట మీద అద్దింది. బల్ల కింద, ఆమె కాళ్ల దగ్గర, తువ్వాలు చుట్టిన పెట్టె ఒకటి గోనెసంచిలో ఉంది. టీవీకి తగిలించి ఆటలాడుకునే పెట్టె అది. యాభైకి దగ్గరపడ్డ ఆడమనిషి ఆటల పెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కుతుందంటే షెడ్డంతా పడీపడీ నవ్వుతుందని ఎవరికీ చూపించలేదు.

ఆడేది ఆమె కాదు. ఆమె భర్త అంకమ్మరావు.

అంకమ్మరావు ఇరవై ఆరేళ్లు లారీ తోలాడు. గుడివాడలో చేపల లోడు ఎత్తితే మళ్లీ కలకత్తాలోనే దించడం. ఐసు కరిగేలోపు చేరాలి గనక నిద్రా తిండీ అన్నీ స్టీరింగు మీదే. మూడేళ్ల క్రితం ఇచ్ఛాపురం దగ్గర టీ తాగుదామని లారీ దిగినవాడు దిగినట్టే కూలబడ్డాడు. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట సగం పోయింది. ఆస్పత్రిలో ఉండగా నాలుగో రోజున లారీ ఓనరు పళ్లు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. మంచి చెడ్డలన్నీ అడిగి, లేచి వెళ్లబోతూ, "తాళం నీ దగ్గరే ఉండిపోయిందిరా" అన్నాడు. అంకమ్మరావు ఎడమచేత్తో దిండు కింద తడిమి తీసిచ్చాడు. ఆ తర్వాత ఏడాదిపాటు అతను గోడను తప్ప మరి దేన్నీ చూడలేదు.

ఆడపడుచు కొడుకు వెంకట్ హైదరాబాదులో ఫ్యాక్టరీ పనిలో చేరబోతూ తన పాత పెట్టె తెచ్చి వీళ్లింట్లో పెట్టాడు. ఒక లారీ ఆట డిస్కు వేశాడు. బటన్లన్నీ మార్చి, గేరూ బ్రేకూ ఎడమచేతికే అందేలా అమర్చాడు. "ఊరికే చూడు మావయ్యా" అన్నాడు. మావయ్య ఊరికే చూడలేదు. మూడు గంటలు కదలకుండా కూర్చుని, చెమటలు కక్కుతూ, ఎక్కడో మంచు కురిసే దేశంలో ఇరవై టన్నుల లోడు దించి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పూట అన్నం తనే కలుపుకున్నాడు.

ఆ దేశం ఊళ్ల పేర్లు అతనికి నోరు తిరగవు. అందుకని తన పేర్లు పెట్టుకున్నాడు. సముద్రం పక్కనున్నది బరంపురం. పొగగొట్టాలున్నది టాటా. పొడుగాటి ఇనప వంతెన దాటితే వచ్చేది కటక్. "కట...క్ దా...టా" అనేవాడు అనసూయ పని నుంచి రాగానే. గుడ్డలు తడిపిన కరక్కాయ నీళ్ల వాసన ఇంకా పోని చేతులతోనే ఆమె, "పెందరాళే చేరారే!" అనేది.

ఇప్పుడు ఆ వంతెన దగ్గరే వచ్చింది చిక్కంతా. ఆమె లేనప్పుడు డిస్కు తనే తీసి, లుంగీకి తుడిచి, ఒంటిచేత్తో వంకరటింకరగా తోసేవాడు. గీతలు పడ్డాయి. లారీ వంతెన మీదికి ఎక్కగానే బొమ్మ బిగుసుకుపోయేది. మొదటినుంచి మొదలెట్టాలి. మళ్లీ వంతెన దగ్గర ఆగిపోయేది. అతనికి కోపం వస్తే మాట రాదు. గొంతులోంచి మూలుగు వస్తుంది. ఆ మూలుగు వినలేక అనసూయ మూడుసార్లు బందరు వెళ్లి డిస్కు సానపట్టించుకొచ్చింది. మూడుసార్లూ వారం తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చింది.

మొన్న బందరులో ఆ సానపట్టే కొట్టతను, "కొత్త డిస్కు ఎప్పుడొస్తుందో చెప్పలేనమ్మా. పెట్టె పట్టుకొచ్చెయ్యండి, డౌన్‌లోడ్ చేసిస్తాను. గీతలన్న మాటే ఉండదు" అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే అంకమ్మరావు తల అడ్డంగా ఊపాడు. ఒక్కో ముక్కా కూడదీసుకుని చెప్పాడు.

"చే...తికి రానిది... మనది... కాదే. ఎవడో... ఆపు...తాడు."

"ఎవడాపుతాడండీ? ఆపడానికి ఇదేమన్నా ఓనరు లారీయా?" అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

ఆ పొద్దున ఆమె వైర్లు పీకుతుంటే అతను ఒక వైరు చివర పట్టుకున్నాడు. వదల్లేదు. షెడ్డుకు వేళవుతోంది. "సాయంత్రానికల్లా తెచ్చేస్తానన్నానుగా! నాకేమన్నా సరదానా?" అంటూ ఒక్కో వేలూ విడదీసి వైరు లాక్కుంది.

బస్సులో సీటు దొరకలేదు. సంచి గుండెలకు అదుముకుని నిలబడింది. బందరులో దిగి కోనేరు సెంటరు దాకా నడిచేసరికి జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. దుర్గాశ్రీనివాస్ కొట్టు చిన్నది. ముందంతా సెల్‌ఫోన్ కవర్లు, వెనక ఒక చెక్క అరలో ఆటల డిస్కులు. మనిషి మర్యాదస్తుడు, ముప్ఫై దాటి ఉంటాడు.

"రండమ్మా, మీ అదృష్టం. డిస్కు పొద్దునే వచ్చింది. ఒకటే పీసు." గాజుబల్ల మీద పెట్టాడు. నీలం డబ్బా, పైన అద్దంలా మెరిసే కవరు. అట్ట మీద ఎర్ర లారీ.

అనసూయ నిట్టూర్చింది. "పెట్టె మోసుకొచ్చాక చెప్తున్నావా బాబూ?"

"ఇప్పటికీ మీ ఇష్టమేనండీ. డిస్కయితే ఇప్పుడే పట్టుకెళ్లిపోవచ్చు. ఆడేశాక తెచ్చిస్తే ఇంకో ఆట మార్చుకోవచ్చు. డౌన్‌లోడైతే గీతలు పడవు, పోదు. కానీ ఇంకెవరికీ ఇవ్వడానికుండదు, వాపసు తీసుకోరు."

ఆమె డబ్బా చేతిలోకి తీసుకుంది. ఎంత తేలిగ్గా ఉందో! మూత తెరిచినప్పుడు భర్త మొహం ఎలా ఉంటుందో కనిపించింది. ఆ వెంటనే లుంగీ అంచూ, వంకరగా తోసే ఎడమచెయ్యీ, వంతెన మీద బిగుసుకుపోయిన లారీ, ఆ మూలుగూ కూడా కనిపించాయి. కొత్తదైనా నాలుగు నెలలకు మళ్లీ ఇదే బస్సు. మేస్త్రిని మళ్లీ ఇలాగే బతిమాలుకోవడం. డబ్బా కింద పెట్టేసింది.

"గీతలు పడనిదే ఇవ్వు. ఎంతసేపు?"

"గంటండీ. మహా అయితే గంటంపావు."

పెట్టెను కొట్టులోని టీవీకి తగిలించి, దుర్గాశ్రీనివాస్ అక్కడికక్కడే ఆట కొనేశాడు. మళ్లీ ఏదో నొక్కాడు, ఆగాడు. పెట్టె వెంకట్ పేరున ఉంది. డౌన్‌లోడ్ మొదలుపెట్టాలంటే వెంకట్ ఫోనుకు వచ్చే నంబరు చెప్పాలి. వెంకట్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్లు బయట పెట్టించుకుంటారు. ఆమె స్టూలు మీద కూర్చుంది. ఇలాంటి ఎదురుచూపులు ఆమెకు కొత్తేమీ కాదు. అంకమ్మరావు పింఛను పని మీద వెళ్తే, ఆమె వేలిముద్రను యంత్రం గుర్తుపట్టదు; రంగుల్లో నాని నాని గీతలరిగిపోయాయి. "వేలు సరిగ్గా పెట్టమ్మా" అని ఇరవైసార్లు పెట్టిస్తారు. ఎక్కడికెళ్లినా ఆమె ఎవరో ఆమె చెబితే చాలదు. ఇంకెవరో ఒప్పుకోవాలి.

ఒంటిగంటన్నరకు వెంకట్ ఫోను చేసి నంబరు చెప్పాడు. టీవీ మీద సన్నటి గీత కదిలింది. ఒక శాతం. రెండు. పన్నెండు. ఆమె కళ్లప్పగించి చూస్తూ కూర్చుంది. ముప్ఫై ఏడు దగ్గర కరెంటు పోయింది.

"వచ్చేస్తుందండీ, ఐదు నిమిషాలు" అన్నాడు దుర్గాశ్రీనివాస్.

గంట దాటింది. ఈలోగా నాగాయలంక నుంచి ఒకతను వచ్చాడు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడట. బల్ల మీద నీలం డబ్బా చూసి, "ఈ డిస్కు ఉంచండి, నాకు కావాలి" అన్నాడు.

"మీరు డౌన్‌లోడ్ చేసుకోరా?" అనుకోకుండా అడిగేసింది అనసూయ.

"చెరువు గట్టు మీద ఫోను మాటలే వినబడవండీ, ఆటెక్కడ దిగుద్ది? మాకు డిస్కే దిక్కు" అని నవ్వాడు.

అతను డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోతుంటే ఆమెకు ఒక్కసారిగా నీరసం వచ్చింది. ఆ డబ్బా తీసుకుని ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేది. భర్తకు అన్నం పెట్టి, "కటక్ దాటారా?" అని అడుగుతూ ఉండేది.

"బాబూ, ఇది మానేసి నాక్కూడా ఒక డిస్కు తెప్పించకూడదూ?"

"కొనేశాం కదమ్మా. ఇప్పుడు వెనక్కి పోదు."

పక్కింటి సాయిదుర్గకు ఫోను చేసింది. "మీ మావయ్య ఏం చేస్తున్నారే?"

"కూర్చున్నారత్తా. అన్నం సగం తిన్నారు. ఇందాకట్నుంచీ నువ్వెప్పుడొస్తావని అడుగుతున్నారు."

"దార్లో ఉన్నానని చెప్పు" అంది. అబద్ధం చెప్పినందుకు తన మీద తనకే చిరాకేసింది.

కరెంటు వచ్చింది గానీ ఊరంతా ఒకేసారి నెట్టు మీద పడ్డట్టుంది. గీత చీమలా పాకింది. దుర్గాశ్రీనివాస్ వైర్లు పీకి పెట్టాడు, ఎవరికో ఫోను చేసి అరిచాడు, పాపం టీ తెప్పించాడు. ఆమె ముట్టుకోలేదు. "గంటన్నావు బాబూ" అని మాత్రం అంది. అయిదుంపావుకు నూరు శాతం అయింది. టీవీ మీద ఎర్ర లారీ కనిపించింది. అతను వంతెన దాకా తోలి, దాటించి చూపించాడు. ఎక్కడా ఆగలేదు. అనసూయ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

పెడనలో బస్సు దిగేసరికి పొద్దు వాలింది. కాలవగట్టు మీద ఆరేసిన గుడ్డలు మడతలు పెట్టుకుంటున్న వాళ్లు పలకరిస్తున్నా ఆగకుండా నడిచింది.

అంకమ్మరావు టీవీ ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో, తల గోడకు ఆనించి ఉన్నాడు. ఒళ్లో అన్నం గిన్నె మీది పెద్ద స్టీలు మూత. అలిగి కళ్లు మూసుకున్నాడనుకుంది.

"ఇదేంటి, మూత ఒళ్లో పెట్టుకున్నారు?" మూత తీసి గోడ వారగా నిలబెట్టింది. "కోపమైతే కోపం గానీ, నా మాట వినండి. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు లేవు నాకు. ఆ కరెంటూ, ఆ నెట్టూ... మీరన్నదే నిజం, డిస్కే తెచ్చుకోవాల్సింది. ఒప్పుకుంటున్నాను, సరేనా?"

మాట్లాడుతూనే వైర్లు తగిలించింది. టీవీ వెలిగింది. ఎర్ర లారీ షెడ్డులోంచి మెల్లగా బయటికొచ్చి, మంచు కురుస్తున్న రోడ్డు మీద ఇంజను మోగిస్తూ నిలబడింది.

"చూడండి. వంతెన దాటించి మరీ చూపించాడతను. ఇక ఆగదు. తోలండి, కటక్ వెళ్లొద్దాం."

అతని ఎడమచెయ్యి తీసుకుని అందులో బటన్లున్న ఆట పట్టీ పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి చల్లగా ఉంది. ఆట పట్టీ జారి నేల మీద పడింది. ఆమె దాన్ని తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది.

మూడోసారి ఆమె వంగలేదు. కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

సాయిదుర్గ టీ గ్లాసుతో లోపలికొచ్చి, ఇద్దర్నీ చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి ఏడుస్తూ చెప్పింది. "నాలుగింటప్పుడు కూడా బానే ఉన్నారత్తా. గుండ్రంగా చెయ్యి తిప్పి చూపిస్తుంటే ముందు నాకర్థం కాలేదు. మూత ఇస్తే నవ్వారు. నోటితో ఇంజను చప్పుడు చేశారు. ఎక్కడిదాకా వెళ్లారు మావయ్యా అంటే... బరంపురం అన్నారు."

చీకటి పడకముందే చుట్టుపక్కల వాళ్లు వచ్చారు. ఎవరో టీవీ కట్టేశారు. ఎవరో కుర్చీ జరిపి చాప పరిచారు. మేస్త్రి శంకరరావు వచ్చి గుమ్మంలో తలవంచుకు నిలబడ్డాడు. వెంకట్‌కు ఎవరో ఫోను చేస్తున్నారు. ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు.

అనసూయ ఎవరివంకా చూడలేదు. గోడ వారగా నిలబెట్టిన మూతనే చూస్తోంది. దాని అంచున ఎడమవైపు గంజి మరకలో నాలుగు వేళ్ల గుర్తులు ఎండి ఉన్నాయి. కుడివైపున కూడా, కాస్త వాలుగా, ఇంకో నాలుగు.