పిచ్చుక పేరున సున్నా

రెండో తరగతి టీచరు, పిల్లల ట్యాబ్ పాఠాల లెక్క ఉన్న ఆ కాగితాన్ని మూడోసారి చదివింది. ఎన్నిసార్లు చదివినా, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల పేరు పక్కన సున్నా సున్నాలాగే ఉంది.

"సోమవారం నుంచి మీ పిచ్చుకని వెనకబడ్డవాళ్ళ గదికి పంపించెయ్యమ్మా," అంది హెడ్ టీచరు. "ఏడాదంతా ట్యాబ్‌లో ఒక్క ఇంగ్లీషు మాటా నేర్చుకోలేదు."

"అదేంటి మేడమ్! క్లాసులో దానికొచ్చినన్ని మాటలు ఎవరికీ రావండీ!"

"మరి ఇక్కడ ఎక్కలేదేం?"

ఎందుకు ఎక్కలేదో టీచరుకి తెలుసు. బెంచీకి ముగ్గురు పిల్లలు, ఒకటే ట్యాబ్. ముగ్గురి పేర్లతో మార్చి మార్చి తెరిస్తే పీరియడంతా దానికే సరిపోతోందని, బెంచీలో మొదట కూర్చున్నవాళ్ళ పేరుతోనే తెరవమన్నది తనే. పిచ్చుక బెంచీలో మొదటివాడు గుండు. బొమ్మ రాగానే పిచ్చుక మాట చెప్పేది. గుండు నొక్కేవాడు. నక్షత్రం వాడి పేరున పడేది. మధ్యలో కూర్చున్న పిల్ల చప్పట్లు కొట్టేది.

"తప్పు నాదండీ. కావాలంటే మీరే ఏదైనా చూపించి అడగండి."

హెడ్ టీచరు పిచ్చుకని పిలిపించి కిటికీ చూపించింది. తాళంచెవి చూపించింది. గోడకి ఆనించిన నిచ్చెన చూపించింది.

"విండో. కీ. ల్యాడర్." అడక్కుండానే మూలకి చూసి, "అంబ్రెల్లా," అని కూడా అంది పిచ్చుక.

హెడ్ టీచరు నవ్వేసింది. "గడుసుదే! కానీ నేను నవ్వితే కంప్యూటర్ ఒప్పుకోదుగా. గుండుకి నలభై పాఠాలున్నాయి. రేపు సాయంత్రానికి దీనికీ నలభై చూపించు, గది మార్చను."

ఆ రోజు గురువారం. టీచరు పిచ్చుక పేరుతో ట్యాబ్ తెరిచింది. పిల్లి, బంతి, కుర్చీ. పిచ్చుక మూడు పాఠాలు టకటకా నొక్కేసింది. అంతే, తెర మీద నిద్రపోతున్న ఎలుగుబంటి వచ్చి కూర్చుంది. ఈరోజుకి చాలు, రేపు రమ్మంది. ఆపి తెరిచినా అది లేవలేదు. ట్యాబ్ కంపెనీకి ఫోన్ చేస్తే, చిన్నపిల్లల కళ్ళు పాడవకుండా రోజుకి మూడే పాఠాలన్నారు.

"బాబూ, ఆ పిల్లకి ఇవన్నీ ముందే వచ్చయ్యా!"

"వస్తే పాఠాలు కనబడాలి కదండీ మేడమ్," అన్నాడు అవతలి అబ్బాయి, ఎంతో మర్యాదగా.

టీచరు ఫోన్‌ని నేలకేసి కొట్టినంత పని చేసింది.

శుక్రవారం సాయంత్రానికి ఆరు పాఠాలయ్యాయి.

సోమవారం పొద్దున పిచ్చుక సంచీ భుజాన వేసుకుంది. "నాకు రావనా పంపించేస్తున్నారు టీచర్?"

"కాదు తల్లీ. నీకన్నీ వచ్చు."

"మరెందుకు?"

టీచరు వంగి పిచ్చుక సంచీ పట్టీ సరిచేసింది. ఈలోగా గుండు ట్యాబ్ పైకెత్తాడు. టీచరు కొత్తగా పెట్టిన వంతుల్లో ఆ పూట వాడిది.

"ఏయ్ పిచ్చుకా, ఆగవే! ఇదొక్కటి చెప్పి పో!"

పిచ్చుక గుమ్మంలోంచే బొమ్మకేసి చూసింది. "బ్రిడ్జ్," అంది.

గుండు నొక్కాడు. టింగుమంటూ వాడి పేరున ఇంకో నక్షత్రం పడింది.