డెక్స్టర్ పెట్టించిన పదును

డెక్స్టర్ ప్రూయిట్ మంచుకొండ మీది స్కీ పార్కులోకి రాగానే మార్లో టీగ్ ఎదురెళ్లింది. అతని భుజం మీద ఉన్నవి ఆమె స్వయంగా తయారు చేసిన స్కీలు. వాటి ఇనుప అంచులు ఏప్రిల్ ఎండలో కత్తుల్లా మెరుస్తున్నాయి. పరీక్షించి చూడమని నిన్న ఆమె అతనికి ఇచ్చినప్పుడు అవి మెరవలేదు.

"అంచులేం చేశారు?"

"మొద్దుగా ఉంటే సాన పట్టించా. అలా ఎలా వదిలేశావమ్మాయ్? పోనీలే, పత్రికలో రాయను."

పాదం కింది అంచును ఆకురాయితో మొద్దు చేయడానికి మార్లోకి ఒక సాయంత్రం పట్టింది. పార్కులో ఆడేవాళ్లంతా చేసే పనే అది. పదునైన అంచు మంచు మీద పట్టునిస్తుంది, కానీ అడ్డంగా జారడానికి పార్కులో పాతిన ఇనుప కమ్మీ మీద పీక పట్టుకుంటుంది. ఇరవై ఏళ్లుగా స్కీల మీద తీర్పులు రాస్తున్న మనిషికి ఈ సంగతి తెలియదంటే, ఆ ఇరవై ఏళ్లలో అతను ఒక్క కమ్మీ కూడా ఎక్కలేదన్నమాట.

"ఆకురాయి నా జేబులోనే ఉంది. ఐదు నిమిషాలివ్వండి."

"నేను పందేలు గెలిచేనాటికి నీకు పాలపళ్లు కూడా రాలేదు."

వాలు కింద మడత కుర్చీలో లానీ బాకా, చుట్టిన బురిటో రొట్టె తింటూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. ఊళ్లో స్కీల దుకాణం ఆయనదే. నచ్చితే వచ్చే చలికాలానికి నలభై జతలు తీసుకుంటానన్నాడు. నచ్చకపోతే మార్లో తను స్కీలు చేసే షెడ్డుకు తాళం వేసి, కొండెక్కించే లిఫ్టు దగ్గర టికెట్లు చూసే పనికి పోవాలి.

"దిగుతున్నా," అని వాలు పైనుంచి అరిచి డెక్స్టర్ దిగాడు.

మొదటి గంతుకు స్కీల తోకలు, అంటే వెనక కొసలు, విల్లులా వంగి, అతణ్ని బంతిలా పైకి విసిరాయి. గాలిలో సగం తిరిగి, వీపు ముందుకు పెట్టి మంచు మీద దిగాడు. రెండు కొసలూ పైకి తిరిగి ఉన్నాయి కాబట్టి అవి వెనక్కి కూడా అంతే హాయిగా మోసుకుపోయాయి. అదంతా తన ప్రతిభేనని డెక్స్టర్ ఛాతీ విరుచుకున్నాడు.

తర్వాత కమ్మీ. అడ్డంగా ఎక్కాడు. అంచులు కరిచాయి. స్కీలు ఆగాయి, డెక్స్టర్ ఆగలేదు.

"చచ్చు స్కీలు," అన్నాడు గడ్డంలోంచి మంచు దులుపుకుంటూ. "హుషారుంది గానీ క్రమశిక్షణ లేదు. అదే రాస్తా."

లానీ బురిటో పక్కన పెట్టాడు. "ఏమంటావమ్మా?"

మార్లో ఆ స్కీలు అందుకుంది. కూర్చుని ఆకురాయి తీసింది. పాదం కింద అంచు మెరుపు పోయేదాకా రాసింది. మీట లాగి, బూటును పట్టి ఉంచే బిగింపును తన సైజుకు జరిపి, స్కీలు భుజాన వేసుకుని పైకి నడిచింది.

"దిగుతున్నా."

కమ్మీ మీద చప్పుడే లేదు. సబ్బు మీద జారినట్టు చివరిదాకా పోయింది. అక్కడ తోకల మీద బరువు వేసి, సగం తిరిగి, వెనక్కి దిగింది.

డెక్స్టర్ అప్పటికే పత్రిక వ్యాసాన్ని తన ఫోనులో చెప్పి రికార్డు చేసుకుంటున్నాడు: "తేడా తెలియాలని మొదట నేనే కావాలని పదును పెట్టించి చూశాను..."

"నలభై జతలూ పంపించమ్మా," అన్నాడు లానీ.

"పత్రికలో ఏం రాస్తాడో?"

"రాసుకోనీ. ఆయన పడింది మొత్తం తీశాను. చలికాలమంతా దుకాణంలో అదే ఆడిస్తా. ఇక కొనేవాడెవడూ అంచులకు సాన పట్టించడు."