హన్మాండ్లు పటేల్ నా పేరు పిలిచిన రోజు

హన్మాండ్లు పటేల్ నోటితో నా పేరు పిలిపించడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా బీడీలు చుట్టాను, పసుపు తవ్వాను, అత్తను సాగనంపాను, అన్నీ చేశాను గాని అత్త పోయిన రోజు నుంచి మనసు మాత్రం ఆ ఒక్క పని మీదే ఉంది. పగ మంచిది కాదని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల ఇంట్లో పాడె మోయడానికి నలుగురు మనుషులు దొరికి ఉంటారు.

నా పేరు వినోద. మాది ఆర్మూరుకూ ఆలూరుకూ నడుమ ఉన్న ఊరు. మా ఆయన గంగాకిషన్ మస్కట్‌లో పని చేస్తాడు. ఇక్కడ నేనూ, అత్త పోచవ్వా, ఎకరంనర పసుపు. మా వైపు ఊళ్లలో సర్పంచ్ ఉంటాడు, పంచాయతీ ఆఫీసూ ఉంటుంది, కాని చెల్లేది గ్రామాభివృద్ధి కమిటీ మాట. దానికి అధ్యక్షుడు హన్మాండ్లు పటేల్. నీళ్ల కమిటీకీ ఆయనే. ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చోకుండా ఉండలేని మనిషి.

ఏటా జనవరి ఆఖరులో మండలాఫీసు నుంచి ఒక సారు వస్తాడు. పంచాయతీ ముందు షామియానా వేస్తారు. ఏడాదిలో నల్లా నీళ్లు సరిగ్గా వచ్చాయా, మురుగు మోరీలు తీశారా, వీధిలైట్లు వెలుగుతున్నాయా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంటాడు. అంతా మంచిగున్నదని జనం తలలూపి, చాయ్ తాగి ఇళ్లకు పోతారు. నిరుడు నేను లేచి నిలబడ్డాను. మా గల్లీకి నాలుగు నెలలుగా నల్లా లేదని, పైపును పటేల్ బర్రెల కొట్టం వైపు తిప్పుకున్నారని, ఆ బర్లు రోజూ స్నానం చేస్తుంటే మేం బిందెలు పట్టుకొని బోర్ల చుట్టూ తిరుగుతున్నామని చెప్పాను. సారు రాసుకున్నాడు. పటేల్ నవ్వాడు. నేనొక పిచ్చిదాన్ని, బాగు చేయిస్తాడేమో అనుకున్నాను.

మూడో రోజు ఊళ్లో చాటింపు వేసే సాయిలు తాత డప్పుతో వచ్చాడు. వినోద ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, ఆ ఇంటి పనికి కూలీలు పోవద్దు, దుకాణంలో సామాను ఇయ్యొద్దు అని కమిటీ తీర్మానం. “మాట్లాడినోళ్ల ఇల్లు గూడ గా ఇంటితోనే జమ” అని చివర చాటాడు. ఆ చివరి మాట హన్మాండ్లు పటేల్ సొంత తెలివి. నన్ను ఊరి నుంచి వెలి వేయడం చాలలేదు ఆయనకు, జాలిపడేవాళ్లను కూడా ముందే భయపెట్టాలి.

మా గల్లీ ఆడవాళ్లం ఒకే అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లం. చేతులు ఆకు మీద, నోరు ఊరి మీద. మరునాడు నేను చాట పట్టుకొని వెళ్తే అరుగు ఖాళీ అయింది. పసుపు ఉడికించే రోజులు వచ్చాయి. ట్రాక్టర్ మీద తిరిగే ఉడికించే మిషను ఊళ్లోని ప్రతి కళ్లం దగ్గర ఆగింది, మా కళ్లం దాటేసి పోయింది. పాత ఇనుప కడాయి దించి, ఆకులు కప్పి, నేనూ అత్తా పదహారు రోజులు ఉడికించాం. సగం కొమ్ము పచ్చిగానే మిగిలింది. మార్కెట్‌లో కొనేవాడు ఒక కొమ్ము విరిచి చూసి, మొహం తిప్పుకొని పక్క కుప్ప దగ్గరికి పోయాడు.

శ్రావణంలో అత్త పోయింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందు వెళ్లి కూర్చుని ఏడ్చిన మనిషి ఆమె. ఆ రోజు మా వాకిట్లోకి పిల్లి కూడా రాలేదు. జక్రాన్‌పల్లి నుంచి మా అన్న గంగాదాస్ ట్రాలీ ఆటోలో మనుషులను ఎక్కించుకొని వస్తే పాడె లేచింది. వీధి పొడుగునా తలుపులు మూసుకున్నారు. హన్మాండ్లు పటేల్ ఒక్కడే తన అరుగు మీద కూర్చొని, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ చూశాడు. వాని పళ్లు రాలిపోను. నా ఇంటితో ఎవరూ మాట్లాడొద్దన్నవాడే ఊరంతా వింటుండగా నన్ను పేరు పెట్టి పిలవాలని, తన తీర్మానంలో తానే పడాలని పాడె వెనక నడుస్తూ ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు పెట్టుకోవడం తేలికే. దారి మాత్రం మొన్న జనవరి దాకా దొరకలేదు. పంచాయతీ సెక్రటరీ రజని కమ్మర్‌పల్లి పిల్ల. సర్కారు ఉద్యోగి కాబట్టి ఆమెకు కమిటీ వెలి అంటదు. కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. మండలంలో మంచి పంచాయతీగా ఈసారి మన ఊరినే ఎంపిక చేసేలా ఉన్నారని, పటేల్ దాని కోసం నిద్రపోవడం లేదని, వారం కింద మా గల్లీకి కొత్త పైపు వేయించింది కూడా అందుకేనని చెప్పింది. నిరుటి ఫిర్యాదు ఒక్కటే ఇంకా కాగితం మీద మిగిలిపోయిందట. నల్లా వస్తున్నదని సంతకం పెడితే అయిపోతుందక్కా అంది. పెట్టకపోతే ఏమవుతుందని అడిగాను. అప్పుడు నీళ్ల కమిటీ అధ్యక్షుడే సభలో నన్ను అడగాలని, నా జవాబు సారు చెవులారా విని రాసుకోవాలని చెప్పింది.

నాకు ఏడాది తర్వాత నవ్వొచ్చింది. సంతకం పెట్టనని, సభలోనే చెప్తానని పంపించాను. పటేల్‌కు ఆ సంగతి తెలిసి ఉంటుంది. కాని సారు తనను అడుగుతాడు, తాను నల్లా వస్తున్నదంటాడు, అంతటితో సరిపోతుందని అనుకున్నాడు. ఊళ్లో ప్రతిదీ ఆయనకు అట్లాగే సరిపోయేది మరి.

సభ రోజు అత్త చీర కట్టుకొని వెళ్లాను. నేను కూర్చోగానే నా చుట్టూ కింద పరిచిన జాజం ఖాళీ అయింది. మోరీలు అయిపోయాయి, లైట్లు అయిపోయాయి. సారు నీళ్ల కాగితం తీసి, వినోద ఎవరని చూసి, నల్లా వస్తున్నదా అమ్మా అని నన్నే అడిగాడు.

“గా మాట నీళ్ల కమిటీ అధ్యక్షుడు అడగాలె సార్. గదే కద రూలు” అన్నాను.

సారు కాగితం మళ్లీ చూసుకొని అవునన్నాడు. పటేల్ కుర్చీలో కదిలాడు. నీళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయని, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చని సారుతో అన్నాడు. సారు ఒప్పుకోలేదు. అప్పుడు పటేల్ పక్కవాడి వైపు తిరిగి, వస్తున్నదో లేదో ఆమెను జర చెప్పమనమని గొణిగాడు. ఆ పక్కవాడు నన్నెట్లా అడుగుతాడు, వాడికీ ఇల్లుంది, పిల్లలున్నారు. తల దించుకొని గోళ్లు చూసుకున్నాడు. సారుకు విసుగొచ్చింది. మనిషి ఎదురుగా కూర్చుంది కదా, పేరు పిలిచి అడగడానికి ఏమైందని గట్టిగానే అన్నాడు.

ఎంపిక చేతి దాకా వచ్చి ఆగింది. పటేల్ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి నా కళ్లలోకి చూశాడు.

“వినోదా, నల్లా వస్తున్నదా?”

“ఇనవడలే” అన్నాను.

వినబడింది. ప్రతి అక్షరం వినబడింది. కాని వెనక కూర్చున్నవాళ్లకు కూడా వినబడాలి కదా. పటేల్ లేచి నిలబడి, రెండోసారి అరిచినట్టు అడిగాడు. వస్తున్నది, రాసుకోండని సారుకు చెప్పాను. తర్వాత షామియానా గుంజ దగ్గర కూర్చున్న సాయిలు తాత వైపు తిరిగాను.

“తాతా, పటేల్ నాతోని మాట్లాడిండు. అందరు ఇన్నరు. మాట్లాడినోళ్ల ఇల్లు నా ఇంటితోని జమ అని నువ్వే గద చాటింది. డప్పు తే.”

ఇదేమిటని సారు అడిగితే, రజని భయపడుతూనే మొత్తం చెప్పింది, అత్త పాడె సంగతితో సహా. సారు మొహం ఎర్రబడింది. వెలి వేయడం నేరమని, నేను రాసిస్తే కేసు పెట్టిస్తానని, ఇక ఈ ఊరికి ఎంపిక లేదూ గింపిక లేదని కాగితాలు సర్దుకొని జీపెక్కాడు. రాసిస్తానని నేనూ చెప్పాను. కాని ముందు చూడాల్సింది ఒకటుంది.

జీపు మలుపు తిరిగిందో లేదో కమిటీ ఉపాధ్యక్షుడు గంగాప్రసాద్ లేచాడు. పదేళ్లుగా ఆ కుర్చీ మీద కన్నేసి కూర్చున్న మనిషి. తీర్మానం అందరికీ ఒక్కటేనని, పటేల్‌కు వేరే, పోచవ్వ కోడలికి వేరే ఉండదని ఎంతో బాధపడుతున్నట్టు అన్నాడు. ఊరి పేరు చెడిందని మండిపోతున్న జనం సరే అన్నారు. సాయంత్రం సాయిలు తాత పటేల్ అరుగు ముందు డప్పు కొట్టాడు. మా ఇంటి ముందు కొట్టినదానికంటే గట్టిగా, చాలాసేపు కొట్టాడు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ. నా వెలి తీయలేదు, దాని గురించి నాకు ఫికర్ కూడా లేదు.

పది రోజులు గడిచాయి. పటేల్ నాలుగెకరాల పసుపు తవ్వి కుప్ప పోసి ఉంది. ఉడికించే మిషను ఆయన కళ్లం దాటేసి పోయింది. ఆయన భార్య శంకరమ్మ ఈ మొహం ఎవరికీ చూపించలేనని ఆలూరులో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. పదకొండో రోజు పొద్దున నేను వాకిట్లో కూర్చొని బీడీలు చుడుతుంటే హన్మాండ్లు పటేల్ వచ్చి గేటు బయట నిలబడ్డాడు. ఆయన తీర్మానం ప్రకారం ఈ ఊళ్లో ఆయన మాట్లాడగలిగిన ఇల్లు ఒక్కటే మిగిలింది.

“వినోదా, పసుపు ముక్కిపోతున్నది. మీ అన్నకు జర చెప్పు, జక్రాన్‌పల్లి నుంచి కూలోళ్లను పంపుమను” అన్నాడు.

నేను ఆకు కత్తిరించాను. తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాను. ఇంకో ఆకు తీసుకున్నాను. ఆయన గేటు పట్టుకొని లోపలికి వంగాడు. గడ్డం మాసింది.

“ఒక్క మాటన్న అనవే. తిట్టన్న తిట్టు.”

ఆ ఆకలి నాకు తెలుసు. అత్త పోయాక ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, ఎవరైనా గల్లీలో నిలబడి నన్ను బూతులు తిట్టినా బాగుండునని ఏడ్చాను. మనిషికి తిట్టు కూడా ఎంత తీపిగా ఉంటుందో తెలుసు గనకే నేను తిట్టలేదు. చాట తీసుకొని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.