ఎదురుగా నిలబడి చెప్పే మాట

వీధిలో అందరూ ఆయన్ని పటాలం బాబాయ్ అనేవారు. అసలు పేరు ఇంటి ముందు పలకమీద ఉండేది గానీ, ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పద్దెనిమిదేళ్లకు సైన్యంలో చేరి నలభై ఆరేళ్లకు బయటికొచ్చాడు. అందులో ఇరవై రెండేళ్లు వైర్‌లెస్ సెట్టు ముందు గడిచాయి. వాటి గురించి ఎవరైనా అడిగితే, "గరగర తప్ప ఏం వినలేదు" అని నవ్వేసేవాడు. చివరి ఆరేళ్ల గురించి ఎవరూ అడిగేవారు కాదు. ఆ ఆరేళ్లూ ఆయన పని, చనిపోయిన సైనికుల ఇళ్లకు వెళ్లి కబురు చెప్పడం.

ఆ పనికి నియమాలున్నాయి. ఫోన్లో చెప్పకూడదు. ఎంత దూరమైనా వెళ్లి ఎదురుగా నిలబడి చెప్పాలి. గుమ్మం బయట కాదు, లోపలికి వెళ్లాకే నోరు విప్పాలి. "ఇక లేడు", "వెళ్లిపోయాడు" లాంటి మాటలు వాడితే విన్నవాళ్లకు ఎక్కడో చిన్న సందు దొరుకుతుంది, "ఎక్కడికెళ్లాడు?" అని అడుగుతారు. అందుకని చనిపోయాడు అనే మాటే అనాలి. ముందు పేరు, తర్వాత రోజు, టైము, ఆ పైన ఆ మాట. చెప్పాక నోరు మూసుకోవాలి. వాళ్లు మీదపడి కొట్టినా కదలకూడదు.

ఆరేళ్లలో నూట పన్నెండు ఇళ్లు తిరిగాడు. మొదటి ఇంటి నుంచి వచ్చాక రెండ్రోజులు ముద్ద దిగలేదు. పదో ఇంటి తర్వాత దిగడం మొదలైంది. ఇరవయ్యో ఇంటి నుంచి వస్తూ దారిలో ఆగి కడుపునిండా తిన్నాడు. ఆ రోజు తనను చూసి తనకే భయం వేసింది. కొన్నాళ్లకు ఆ భయమూ పోయింది.

ఉద్యోగం అయిపోయాక భార్యతో ఈ వీధికి వచ్చాడు. ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుంది. ఏడాది తిరక్కుండానే వీధికంతా మిషను పిన్ని అయింది. ఆయనకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పూడిపోయిన మురిక్కాలవ కోసం మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి బండలు వేయించాడు. ఎవరిది ఏ రక్తమో, ఎవరు ఎప్పుడిచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాడు. ఆదివారాలు బడి హాల్లో జనాన్ని పోగేసి కట్టు కట్టడం, గుండె ఆగితే ఛాతీ నొక్కడం నేర్పేవాడు. అక్కడ నేర్చుకున్న కూరగాయల ఆవిడ ఒకసారి మార్కెట్లో పడిపోయిన లారీ డ్రైవరు ఛాతీ నొక్కి బతికించింది. డ్రైవరు ఆ తర్వాత ఆయన కనబడితే చాలు, స్టీరింగు వదిలేసి సెల్యూట్ కొట్టేవాడు. "ముందు బండి చూసుకోవయ్యా! మళ్లీ మళ్లీ నొక్కలేం" అని ఆయన కేకలేసేవాడు.

ఒకరోజు పక్క సందులో తాపీమేస్త్రీ మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. నలుగురు ఈయన దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

"వాళ్లావిడకి ఎవరు చెప్తారు బాబాయ్? మావల్ల కాదు. మీకు అలవాటేగా."

అలవాటే. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లి చెప్పి వచ్చాడు. అప్పట్నుంచి చుట్టుపక్కల ఎక్కడ ఏం జరిగినా ఆ పని ఆయనదే అయింది.

"మీరు ఇస్త్రీపెట్టె ముట్టుకుంటే వీధిలో కుక్కలు కూడా సర్దుకుంటున్నాయండీ" అనేది భార్య. అందులో పెద్ద అబద్ధమేం లేదు. ఒక ఉదయం ఆయన టీచరుగారి గేటు తీయగానే ఆవిడ చేతిలో బకెట్టు జారిపోయింది.

"మా తమ్ముడేనా?" అంటూ గోడ పట్టుకుని కూలబడింది.

"కాదండీ, మీ బ్లడ్ గ్రూపు రాసుకుందామని వచ్చా."

ఇంటికొచ్చి చెబితే భార్య పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది, "అలా చెప్పేటప్పుడు మీకు ఎలా ఉంటుందండీ?"

"ఏమీ ఉండదు."

"ఏమీ ఉండకపోవడమేంటి?"

"వైర్‌లెస్‌లో కబురు పంపేవాడికి ఆ కబురుతో ఏం పని? ఇదీ అంతే."

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

బడులు తెరిచే ముందు వారం ఆవిడకు ఊపిరాడని పని ఉంటుంది. ఆ మంగళవారం పొద్దున పిల్లల యూనిఫాం ప్యాంట్ల అంచులు కుడుతూ, "ఏవండీ, కాసిన్ని మంచినీళ్లు" అంది. ఆయన గ్లాసు తెచ్చేసరికి తల మిషను మీద వాల్చి ఉంది. కింద పడుకోబెట్టి ఛాతీ నొక్కాడు. ముప్పై లెక్కపెట్టి ఊపిరి ఊదడం, మళ్లీ ముప్పై. ఎక్కడా లెక్క తప్పలేదు. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. ఆ వెనకే లారీ డ్రైవరు కూడా ఆసుపత్రికి వచ్చాడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. బయటికొచ్చి నేల చూస్తూ నిలబడింది.

"సర్, మేం చెయ్యాల్సిందంతా చేశాం. కానీ..."

"చనిపోయిందా?"

"అంటే సర్..."

"ఆ మాట చెప్పమ్మా."

"చనిపోయారు సర్."

"టైము?"

"పదకొండు నలభై."

ఆయన ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. భార్యను మార్చురీకి తీసుకెళ్లారు. ఇక మిగిలింది కూతురికి చెప్పడం. కూతురు మూడు గంటల దూరంలో ఉన్న ఊళ్లో, కళ్లద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. జేబులోంచి ఫోను తీశాడు, చూశాడు, మళ్లీ పెట్టేసుకున్నాడు.

"ఎక్కడికి బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"అమ్మాయికి చెప్పాలి."

"ఫోను చేస్తే తనే వచ్చేస్తుంది కదా. మీరు ఇక్కడుండండి."

"ఫోన్లో చెప్పకూడదు" అని బస్టాండు వైపు నడిచాడు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. పక్కనున్న పెద్దావిడ కమలాపండు ఒలిచి నాలుగు తొనలు చేతిలో పెట్టింది. తిన్నాడు. తియ్యగా ఉంది. తియ్యగా ఉందని తెలియడం ఆయనకు వింతగా అనిపించింది. చెప్పవలసిన వాక్యం లోపల సిద్ధం చేసుకున్నాడు. ముందు పేరు చెప్పాలి. పెళ్లయిన దగ్గర్నుంచి ఏమోయ్ అనడమే తప్ప భార్యను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఆ ఒక్కచోట వాక్యం కాసేపు ఆగింది. తర్వాత "మీ అమ్మ" అని సర్దుకున్నాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర గార్డు లోపలికి ఫోన్ చేశాడు. కూతురు ఏప్రన్‌తోనే వచ్చింది. అద్దాలు అరగదీసిన తెల్లటి పొడి మోచేతులదాకా ఉంది. తండ్రిని చూసి పది అడుగుల దూరంలో ఆగిపోయింది.

"ఎవరు నాన్నా?"

"ఎక్కడైనా గది ఉందా అమ్మా? లోపలికి పద."

"అమ్మేనా?"

గార్డు తన గది వదిలి బయటికి వెళ్లాడు. ఆయన నిటారుగా నిలబడ్డాడు.

"మీ అమ్మ ఈరోజు, మంగళవారం, పొద్దున పదకొండు నలభైకి ఆసుపత్రిలో చనిపోయింది. గుండె ఆగిపోయింది."

కూతురు గోడ గడియారం చూసింది. నాలుగు కావస్తోంది.

"మరి ఇప్పుడు అమ్మ దగ్గర ఎవరున్నారు?"

నూట పన్నెండు ఇళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది.

"మార్చురీలో ఉంది."

"దగ్గర ఎవరున్నారని అడుగుతున్నా."

"ఎవరూ లేరు."

రెండు పిడికిళ్లతో ఆయన ఛాతీ మీద కొట్టింది. చొక్కాకు తెల్లపొడి అంటుకుంది. ఆయన కదల్లేదు.

"అలా నిలబడకు నాన్నా! నీకు దండం పెడతా, కదులు! నేనేమైనా నువ్వు తలుపు తట్టిన ఇంటిదాన్నా? ఒక్క ఫోన్ చేస్తే రెక్కలు కట్టుకుని వాలేదాన్ని. నువ్వు అమ్మ దగ్గర ఉండేవాడివి."

"ఫోన్లో చెప్పకూడదమ్మా."

"ఎవరన్నారు?"

ఆయన గది తలుపు తీసి పట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో కూతురు ఏడ్చి ఏడ్చి ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కదిపితే లేస్తుందని చెయ్యి అలాగే ఉంచాడు. తిమ్మిరెక్కి, ఆ చెయ్యి తనది కానట్టయింది. మార్చురీ దగ్గరికి చేరేసరికి తలుపు ముందు బెంచీ మీద లారీ డ్రైవరు కూర్చుని ఉన్నాడు. పొద్దుటి చొక్కాయే.

"మీరు వెళ్లిన దగ్గర్నుంచి ఇక్కడే ఉన్నా బాబాయ్" అన్నాడు, తప్పు చేసినవాడిలా. "ఎవరో ఒకరు ఉండాలనిపించింది."

కూతురు అతని రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అంత్యక్రియలకు వీధంతా కదిలి వచ్చింది. కుర్చీలు ఎన్ని కావాలో, ఎండ పడకుండా ఎటువైపు వెయ్యాలో ఆయనే చూసుకున్నాడు. "గుండె రాయి చేసుకున్నాడు" అన్నారు కొందరు. ఆయనకు ఆ మాట వినబడింది. చేసుకోవడానికి తను ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదే అనుకున్నాడు.

నాలుగో రోజు మిషను పక్కన బట్టల మూట విప్పారు. ఇరవై మూడు జతలు, సగం కుట్టినవీ, అసలు మొదలుపెట్టనివీ. ప్రతిదానికీ గుండుసూదితో చీటీ గుచ్చి ఉంది. చీటీల మీద పేర్లు లేవు. "పొడుగు కాళ్లు", "ఎప్పుడూ తొందర", "బిగుతు ఒప్పుకోదు", "మాట్లాడే ఆవిడ". కూతురికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన తలుపు దగ్గర నిలబడి ఏ చీటీ ఎవరిదో పోల్చి చెప్పాడు. ఒక్క మాట్లాడే ఆవిడే తెలియలేదు. బడులు సోమవారం తెరుస్తారు కాబట్టి కూతురు యూనిఫాంల అంచులు పూర్తిచేసింది. ఆయన బొత్తాలు కుట్టాడు, అది పటాలంలో నేర్చుకున్నదే. తర్వాత సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ బయల్దేరాడు.

చివరికి ఆ మాట్లాడే ఆవిడ గౌను ఒక్కటే మిగిలింది. పక్క సందులో అడిగితే, తాపీమేస్త్రీ భార్య దాన్ని చూసి, "ఇది నాదే" అని చేతిలోకి తీసుకుంది. చీటీ చదివి ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఆ రోజు మీరు చెప్పేసి వెళ్లిపోయారు. మర్నాడు సాయంత్రం పిన్ని వచ్చింది. నెల్లాళ్లు రోజూ వచ్చింది. మీరు వెళ్లిన ప్రతి ఇంటికీ మర్నాడు ఆవిడ వెళ్లేదిగా. మీకు తెలీదా?"

"తెలీదమ్మా. కొలతలకి వెళ్తున్నానని చెప్పేది."

"కొలతలూ తీసుకునేదిలెండి."

"ఏం చెప్పేది మీకు?"

"ఏమీ చెప్పేది కాదు. అంట్లు తోమేది. నేను వాగుతుంటే వినేది."

ఆయన ఖాళీ సంచీ మడతపెట్టాడు. తన లోపల ఏదైనా కదులుతుందేమోనని ఆగి చూశాడు. ఏమీ కదల్లేదు. అయినా వెంటనే వెళ్లాలనిపించలేదు. ఆవిడ కుర్చీ జరిపితే కూర్చున్నాడు.

తన ఊరికి వెళ్లేముందు కూతురు అడిగింది, "నీకు ఏడుపు రాలేదా నాన్నా?"

"రాలేదమ్మా. వస్తుందేమోనని చూస్తున్నా."

ఆ వర్షాకాలంలో బేకరీలో పనిచేసే అమ్మాయి అన్న రైలుప్రమాదంలో చనిపోయాడు. ఆయనే వెళ్లి చెప్పాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ ఆ ఇంటి తలుపు తట్టాడు. తీసిన అమ్మాయి ముఖం పాలిపోయింది.

"మళ్లీ ఎవరు?"

"ఎవరూ లేరమ్మా. ఊరికే వచ్చా."

నమ్మకం కుదరక ఆ అమ్మాయి ఆయన వెనక వీధిలోకి తొంగి చూసింది. తర్వాత పక్కకు జరిగింది. వంటగదిలో రెండ్రోజుల గిన్నెలు పేరుకుపోయి ఉన్నాయి. ఆయన చొక్కా చేతులు మడుచుకున్నాడు. మూడో గిన్నె తోముతుండగా, వెనక స్టూలు మీద కూర్చుని ఆ అమ్మాయి తన అన్న చిన్నప్పుడు ఎంత మొండివాడో చెప్పడం మొదలుపెట్టింది. గిన్నెలు అయిపోయినా మాటలు అవలేదు. ఆయన చేతులు తుడుచుకుని విన్నాడు.

ఏడుపు ఆ రోజూ రాలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాడు.