టోంగా పొయ్యి

సవాయీ దీవిలో కోడలుగా అడుగుపెట్టేవాళ్ళు ముందు కనుక్కోవలసింది మామగారికి ఎన్ని పందులున్నాయని కాదు, ఆ ఇంటి ఇలవేలుపు ఏ జీవిలో ఉంటాడని. ఒకరి దేవుడు గుడ్లగూబలో ఉంటాడు, పక్కింటివాళ్ళ దేవుడు తాబేలులో. వాళ్ళ దేవుణ్ణి మనం వండుకు తిన్నా, మన దేవుణ్ణి వాళ్ళు వండుకు తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తింటేనే చావు.

సముద్రం అవతలి టోంగా దీవుల నుంచి కోడలిగా వచ్చిన ఫిఫీతాకు ఇది తెలియక కాదు. ఆమె పుట్టింటి దేవుడు చారల సముద్రపు పాములో ఉంటాడు, మెట్టినింటి దేవుడు ఆక్టోపస్‌లో. ఏడేళ్ళుగా ఆక్టోపస్ వాసన కూడా ఇంటికి రానివ్వలేదు. నిన్న అన్నలు పడవేసుకుని వచ్చారు. మొగుడు చేపలవేటకు పోయి ఊళ్ళో లేడు. అన్నలు ఒడ్డున తమ పద్ధతిలో లోతుగా గుంట తవ్వి, రాళ్ళు కాల్చి, పందినీ చామదుంపలనీ, కొబ్బరిపాలు పోసి ఆకుల్లో కట్టిన ఆక్టోపస్‌నీ వండారు. పొద్దంతా పుట్టింటి కబుర్లే. మేనమామ ఒళ్ళో కూర్చుని ఐదేళ్ళ మాసినా ఆ ముక్కలే తింటుంటే కన్నతల్లి ఎదురుగా కూర్చుని చూసింది. చూసి ఊరుకుందా! "ఇంకో ముక్క పెట్టన్నా, దానికి నచ్చినట్టుంది" అంది. బుద్ధి గడ్డి తినడమంటే అదే. పిల్ల తండ్రి వంశానిదన్న మాట ఆమెకు తట్టనే లేదు.

అన్నలు తెల్లవారగానే వెళ్ళిపోయారు. పొద్దెక్కేసరికి మాసినా కడుపు పట్టుకుని మెలికలు తిరగసాగింది.

"నిన్న ఏం తిన్నావే?" అంది అత్త మొయెంగా.

"కాళ్ళున్న కూర, నానమ్మా. సుడులు సుడులుగా ఉంది."

మొయెంగా కోడలి మీద విరుచుకుపడింది. "ఒసే టోంగాదానా! నీ అన్నలకి మర్యాద చెయ్యమన్నాను గానీ, నా మనవరాలి నోట్లో మా దేవుణ్ణి కుక్కమన్నానా?"

"తప్పయిపోయింది అత్తా. నా మతి మండా!"

తిన్న దేవుడు కడుపులో పెరిగి పేగులు చుట్టేస్తాడు. దానికి విరుగుడు ఒకటే. తిన్నవాళ్ళని చల్లారిన పొయ్యిలో పడుకోబెట్టి, ఆకులు కప్పి, వండిన వంటలాగా దేవుడికి నివేదించాలి. నువ్వు నన్ను తిన్నావు, నేను నిన్ను తిన్నాను, చెల్లుకు చెల్లని ఆయన శాంతిస్తాడు.

"భయపడకొదినా" అన్నాడు మరిది తుఫూ. "చిన్నప్పుడు నన్నూ పడుకోబెట్టారు. హాయిగా గురకపెట్టి నిద్రపోయా."

ఫిఫీతా గుండె కాస్త కుదుటపడింది. అంతలో ఇంటి పెద్ద, పూజారి కూడా అయిన మామగారు ఫొనోతి లేచాడు.

"ఎక్కడ వండారో అక్కడే నివేదించాలి. ఆ గుంట దగ్గరికే పదండి."

ఆయన గట్టు మీంచి వంగి, గుంట అంచుకి జారిన ఇసుకని తాకి చూశాడు. చల్లగానే ఉంది. సవాయీవాళ్ళ పొయ్యి నేలమీద పేర్చిన రాళ్ళకుప్ప, సాయంత్రానికల్లా ఆరిపోతుంది. ఇసుక కింద గాలి తగలని రాళ్ళ సంగతి పాపం ఆయనకేం తెలుసు? తుఫూ గట్టు మీంచే గుంట నడుమ పచ్చి అరిటాకులు పరిచాడు.

"మావా, మా గుంట తొందరగా ఆరదు. అడుగున ఒక్కసారి చూసి..."

"నోర్ముయ్! నీ నిర్వాకమే ఇదంతా" అంది మొయెంగా.

ఫొనోతి మంత్రం మొదలుపెట్టేశాడు. ఇక ఎవరూ నోరు మెదపకూడదు. మధ్యలో ఇంకో మనిషి గొంతు వినబడితే దేవుడు వెనక్కి తిరిగిపోతాడు, తిన్నవాళ్ళని మాత్రం వదలడు. ఇది చిన్నపిల్లలకీ తెలుసు.

నొప్పికి సోలిపోయిన పిల్లని ఆయన చేతుల్లోకి తీసుకున్నాడు. ఫిఫీతా ఆకులకేసే చూస్తోంది. నిగనిగలాడే ఆకు అంచులు ముడుచుకుంటున్నాయి. చూస్తుండగానే రంగు మారి, మెత్తబడి, వాలిపోయాయి. ఆకుని సెగ చూపించి వాడ్చే ఏ ఆడదానికైనా అదేమిటో తెలుస్తుంది. రాళ్ళింకా కణకణలాడుతున్నాయి. ఆ పైన పిల్లని పడుకోబెట్టి, మంత్రం పూర్తయ్యేదాకా కప్పి ఉంచుతారు!

అరిస్తే దేవుడు చంపుతాడు, అరవకపోతే పొయ్యి చంపుతుంది. ఆ తల్లి ఏం చేస్తుంది?

గుంటలోకి దూకింది. ఆకులు లాగి పారేసి రెండు చేతులతో ఇసుక తోడింది. పిడికెడంత రాయి దొరికింది. పట్టుకుంది. చర్మం చుయ్యిమంది. పళ్ళు పెదవిలో దిగాయి, నోట్లో ఉప్పగా నెత్తురు. ఆ రాయిని తీసుకొచ్చి మామగారి ముఖం ముందు పెట్టి నిలబడింది. కిక్కురుమనలేదు.

కాలుతున్న మాంసం వాసన ఆయన ముక్కుకి తగిలింది. అయినా మంత్రం ఆగలేదు. మంత్రం చదువుతూనే వెనక్కి జరిగి పిల్లని మొయెంగా చేతుల్లో పెట్టాడు. ఇంకా చాలా ఉంది మంత్రం. తాతలనాటి మంత్రంలో మాట వదలడానికి లేదు, తొందరపడడానికీ లేదు. ఫిఫీతా చేతుల్లోంచి రాయి దొర్లిపోయింది. చేతులు అలాగే చాచి ఉన్నాయి, కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుఫూ చూడలేక తల తిప్పుకున్నాడు.

చివరి మాట పిల్ల మీద చెయ్యి పెట్టి పలకాలి. ఫొనోతి దానికి బదులు కోడలి మణికట్లు పట్టుకుని, బొబ్బలెక్కిన ఆ అరచేతులని సముద్రం వైపు ఎత్తాడు.

"వండినది ఇదిగో, తండ్రీ. తీసుకో."

అయిపోయింది. అప్పుడు మాసినా నానమ్మ భుజం మీద తిన్నదంతా భళ్ళున కక్కింది. మొయెంగా తుడుచుకోలేదు. పిల్లని చంకనెత్తుకునే వచ్చి, రెండో చేత్తో కోడలి తలని గుండెకు అదుముకుంది.

"ఇక ఏడువ్, నా తల్లీ. గొంతెత్తి ఏడువ్."

ఫిఫీతా పెట్టిన కేక ఊరంతా వినబడింది.