మూడో చెంచా

ముప్పై ఒక్కేళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన అన్నకు తోటి మెకానిక్కులు హవాయి కాఫీ గింజల ప్యాకెట్టు కానుకగా ఇచ్చారు. అసలు సిసలు సరుకు. కాఫీ అంటే చెవి కోసుకునే మనిషి కాబట్టి, అన్న గింజలు మరపట్టడానికి చిన్న మర కొన్నాడు, పొడుగు ముక్కు కెటిల్ కొన్నాడు. "ఆదివారం రావే, ఇద్దరం రుచి చూద్దాం" అని చెల్లెలికి ఫోన్ చేశాడు. ఆదివారం రాకముందే పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది.

మింగడం కూడా సరిగ్గా రావడం లేదు. పల్చటిది ఏదైనా ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదమని డాక్టరు చెప్పినప్పటినుంచి, వదిన మంచినీళ్లలో కూడా ఒక పొడి కలిపి, చిక్కబడ్డాక చెంచాతో పడుతోంది. అలా నాలుగు నెలలు గడిచాయి. అన్న మాత్రం పొద్దున లేవగానే ఎడమచేత్తో కాఫీ ప్యాకెట్టున్న అలమారాను చూపిస్తాడు. వదిన చూడనట్టే దుప్పటి మడతపెడుతుంది.

ఒకరోజు వదిన పన్ను పీకించుకోవడానికి వెళ్తూ చెల్లెలిని కాపలా ఉంచింది. చెల్లెలిది బట్టలు కుట్టే పని. చేతిలో ఉన్న జాకెట్టుకు హెమ్మింగ్ చేసుకుంటూ మంచం పక్కన కూర్చుంది. అన్న అలమారా చూపించాడు. మళ్లీ చూపించాడు. మూడోసారి ఆమె సూది పక్కన పెట్టేసింది.

గింజలు మరలో వేసి తిప్పగానే గది అంతా ఘుమఘుమలాడింది. వేడినీళ్లు సన్నటి ధారగా పోస్తే పొడి బుసబుసా పొంగి, చుక్కచుక్కగా దిగింది. ముందు తను ఒక గుక్క తాగి చూసింది. చేదు ఉందో లేదో అన్నట్టుంది. చివర్లో నాలుక మీద సన్నటి తీపి నిలిచింది. గ్లాసు అన్న ముక్కు దగ్గర పెట్టింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, నోరు తెరిచాడు.

చిక్కబరిచే పొడి డబ్బా ఎదురుగానే ఉంది. కలపాలనీ తెలుసు. ఇంత మంచి కాఫీని జిగురు చేయడానికి ఆమెకు చేతులు రాలేదు. నాలుగు చుక్కలకు ఏమవుతుందిలే అనుకుంది.

మొదటి చెంచా దిగింది. రెండోదీ దిగింది. మూడోదానికి పొలమారింది. దగ్గు ఆగలేదు, ముఖం నల్లబడింది. ఆమె అతన్ని ముందుకు వంచి వీపు మీద చరుస్తూ "అన్నయ్యా! అన్నయ్యా!" అని అరిచింది. ఊపిరి అందేసరికి వదిన గుమ్మంలో ఉంది, బుగ్గ వాచి, నోట్లో దూదితో. ఏం జరిగిందో ఆమెకు వాసనే చెప్పింది.

"నాలుగు నెలలు రెప్పవేయకుండా కాపాడుకున్నానే. ఒక్క పూట అప్పజెబితే ఇదా నువ్వు చేసేది?"

"అలా అడుగుతుంటే చూడలేకపోయాను వదినా."

"నన్ను రోజూ అడుగుతాడు. నేను చూడటంలేదూ?"

మర్నాటికి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని ఆస్పత్రిలో పెట్టుకున్నారు. ఆ తొమ్మిది రోజులూ చెల్లెలు వార్డు బయట బెంచీ మీదే కూర్చుంది. లోపలికి రమ్మని వదిన పిలవలేదు. వెళ్లే మొహం తనకూ లేదు. ఒప్పుకున్న బట్టలు కుట్టకుండానే తిరిగి ఇచ్చేసింది.

అన్న ఇంటికి వచ్చిన వారానికి వదినే ఫోన్ చేసింది. "ఆ కాఫీ ఎలా పెట్టావో వచ్చి చూపించు."

చెల్లెలు కాఫీ దింపింది. వదిన పొడి కొలిచి వేసి, చిక్కబడేదాకా కలిపి, అన్నను నిటారుగా కూర్చోబెట్టి పట్టింది. అన్న ముఖం చిట్లించాడు. ఇది కాదన్నట్టు తల పక్కకు తిప్పుకున్నాడు. వదిన చెంచా పట్టుకుని అలాగే కూర్చుంది. చాలాసేపటికి అతను మళ్లీ నోరు తెరిచాడు.

గ్లాసులో మిగిలిన కాఫీని వదిన నోట్లో పోసుకుంది. "దీనికా ఇంత ప్రాణం మీదికి తెచ్చుకున్నారు అన్నాచెల్లెళ్లు?" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

చెల్లెలు చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది. "ఎప్పుడైనా రా. కానీ నేను ఇంట్లో ఉన్నప్పుడే రా."

"సరే వదినా" అని చెల్లెలు తలవంచుకుని మెట్లు దిగింది.